ఆకలి కాదు, యావ

అప్పడాల పిండి ముద్ద ఒక చేతిలో, అదే పిండి నోటి నిండా పెట్టుకుని, గోనెసంచుల వెనక కొడుక్కి అడ్డంగా దొరికిపోయిన ధర్మలింగాన్ని పోయిన వారం మనం ఆటో ఎక్కించి వదిలేశాం. పాపం, ఆ ఆటో బరంపురం బజారు సందుల్లో జనాన్నీ ఆవుల్నీ తప్పించుకుంటూ ఇప్పటికి ఇల్లు చేరింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. ధర్మలింగానిది అప్పడాలూ పచ్చళ్ళూ టోకున అమ్మే కొట్టు. తాతల కాలం నుంచీ అదే బజారు, అదే అరుగు. నిరుడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. సంతకం పెడితే కోడి కెలికినట్టు వచ్చేది. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు, మాత్రలు రాశాడు. వణుకు దారికొచ్చింది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరవాత కొన్నాళ్ళకి ఈ తిండి గొడవ పట్టుకుంది. కొట్లో పచ్చళ్ళ నమూనా డబ్బాలు వాటంతటవే ఖాళీ అయ్యేవి. ఎదురుకొట్టు పల్లీలు, సందు మొదట్లో బండి మీద అమ్మే బఠాణీల ఘుగుని, ఎవరో పెట్టిన ప్రసాదం, ఏదీ ఆయన్ని దాటి పోలేదు. అంతకు ముందు ఆ మనిషి తిండి సంగతి ఎంతంటే, కంచంలో ఏముందని తిన్న తరవాత అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆటో దిగీ దిగగానే, చెప్పులైనా విప్పకుండా కొడుకు శ్యామ్ మొదలుపెట్టాడు. మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు.

"అమ్మా, రేపట్నుంచి నాన్న కొట్టుకి రావొద్దు. గల్లా కాడ నేను కూకుంటాను. పనోళ్ళందరూ సూసేరు. పచ్చి పిండి తింటన్నారు, పచ్చి పిండి. బజారంతా నవ్వుతాది."

ధర్మలింగం వరండాలో కుర్చీ మీద కూలబడి, పంచె అంచుకి అంటిన పిండిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా తల వంచుకుని ఉంటే భార్య కామాక్షికి ప్రాణం చివుక్కుమంది. చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన పుక్కిలించి ఉమ్మేదాకా ఊరుకుని, పక్కన నిలబడి అడిగింది.

"బాగుందేటండీ, ఆ పిండి?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇన్నేళ్ళుగా ఆ మనిషికి వండిపెట్టిన చెయ్యికి ఆమాత్రం తెలుసుకోవాలని ఉండదా?

"ఛీ, ఏటి బాగు. ఉప్పు ముద్ద. నాలిక సచ్చిపోయింది."

"మరెందుకు తిన్నారు?"

ధర్మలింగం చెంబు కింద పెట్టాడు. "తెల్దు కామాక్షీ. ఆకలి నేదు. ఇష్టమూ నేదు. కావాల, అంతే. ఎనకనించి ఎవుడో తోస్తన్నట్టుంటాది."

"ఎవుడు తోస్తాడు నాన్నా, సంచులెనక?" అన్నాడు శ్యామ్. తండ్రిని అంత మాట అన్నందుకు వాడికే సిగ్గేసిందేమో, స్కూటరు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కొట్టు తాళాల గుత్తి కూడా వాడి చేతిలోనే వెళ్ళింది. ఆ గుత్తి ధర్మలింగం నడుము వదిలి పోవడం కామాక్షి కాపురానికి వచ్చాక చూడలేదు.

ఇక్కడ కామాక్షి గుట్టు ఒకటి బయటపెట్టక తప్పదు. ఈ తిండి గొడవతో ఇంటిల్లిపాదీ తల పట్టుకున్నారు గానీ, ఆవిడ మాత్రం లోలోపల హాయిగా ఉంది. పైకి అందరితో పాటు నిట్టూర్చేది, అయ్యో అనేది. కానీ మధ్యాహ్నం కాగానే చెవులు వీధి గుమ్మం వైపే ఉండేవి.

ఎందుకంటే, మధ్యాహ్నం ధర్మలింగం వచ్చేవాడు. కొట్లోంచి సరాసరి వంటింట్లోకి. పెళ్ళయిన దగ్గర్నుంచీ వంటింటి కిటికీ ఏ వైపు ఉంటుందో తెలియని మనిషి, ఈ కొన్ని నెలలుగా పీట వాల్చుకుని పొయ్యి పక్కన కూర్చునేవాడు. "ఏటి సేస్తన్నావు?" అని మొదలయ్యేది. ఆవిడ చేగోడీలు వేయిస్తుంటే ఒక్కొక్కటీ చల్లారేలోపల కబుర్లు వచ్చేవి. సొంతూరు చికిటిలో చిన్నప్పుడు చదువు ఎగ్గొట్టి మామిడితోటల్లో పడి తిరిగింది చెప్పాడు. మొదటిసారి గల్లా దగ్గర కూర్చున్నరోజు చిల్లర లెక్క మూడుసార్లు తప్పిందని చెప్పాడు. ఆవిడ పుట్టింటి కబుర్లు అడిగాడు. కామాక్షి తండ్రి పేకముక్కలతో ఇళ్ళు కట్టేవాడని ఇన్నేళ్ళ తరవాత మొగుడికి మొదటిసారి తెలిసింది. ఒకరోజు ఇద్దరూ కలిసి ఎంత నవ్వారంటే పొయ్యి మీద నూనె పొగలు కక్కింది. కొత్త కాపురంలో కూడా ఆవిడకి అంత సంబరం దక్కలేదు. లేటుగానైనా మా ఆయనకి నా మీద ధ్యాస మళ్ళింది అనుకుంది. అనుకుని, ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం దివ్యశ్రీ వచ్చింది. కామాక్షి అన్నగారి కూతురు. ఊరి బయట ఒక పరిశోధన సంస్థలో ఎలకల మెదళ్ళ మీద పనిచేస్తుంది. అది వినగానే సంబంధాలు చూసేవాళ్ళ మొహాలు మారిపోతున్నాయని, వాళ్ళ నాన్న "సైన్సు" అని ఒక్కమాటతో సరిపెట్టేస్తాడు. పిల్లకి మాత్రం తన ఎలకలంటే ప్రాణం.

వంటింట్లో అత్త దగ్గర అంతా విన్నది. వింటున్నంతసేపూ పకోడీ నోట్లో పెట్టుకోవడం మర్చిపోయింది.

"అత్తా, మావయ్య మాత్రలు ఓపాలి సూపించు."

కామాక్షి అలమరలోంచి తెచ్చింది. దివ్యశ్రీ అట్ట తిప్పి పేరు చదివింది, ఫోనులో ఏదో చూసింది, మళ్ళీ చదివింది.

"ఇది మావయ్య తప్పు కాదు అత్తా. ఈ మాత్రది."

"మాత్ర ఆకలి పెంచుతాదేటి?"

"ఆకలి కాదు. ఎలా సెప్పాల నీకు? మన మెదడులో డోపమిన్ అని ఒకటుంటాది. మావయ్య జబ్బులో అది తగ్గిపోతాది, అందుకే సెయ్యి వణికింది. ఈ మాత్ర దాని వేషం ఏసుకుని లోపలికెల్లి దాని పని సేసి పెడతాది. సెయ్యిని కదిలించే దారిలో మంచిపనే సేసింది. పక్కనే ఇంకో దారి ఉన్నాది. కావాల, కావాల అని మనిషిని తోసే దారి. కొంతమందికి ఈ మాత్ర ఆ దారిని కూడా తట్టి లేపేస్తాది. ఒకరు పేకాట మీద పడతారు, ఒకరు కొన్నవే కొంటారు. మావయ్య తిండి మీద పడ్డాడు."

ఎనకనించి ఎవుడో తోస్తన్నట్టుంటాది అన్న మొగుడి మాట కామాక్షికి చెవిలో మెదిలింది. పాపం, నిజమే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

"మా లేబులో ఎలకలకి ఆ దారిని లైటుతో తట్టి లేపుతాం," అని దివ్యశ్రీ పీట మీద ముందుకి జరిగింది. ఎలకల మాట వస్తే దానికి ఒళ్ళు తెలీదు. "కడుపు నిండా తిన్న ఎలక. ఇంక ఒద్దని పడుకున్నాది. లైటు ఏసేమా, సటుక్కున లేసి గింజలుండే మూలకి పరుగు. లైటు ఆపితే మల్లీ పడక."

"అంత పరుగెట్టి తింటాది గదా, బాగుంటాదేటి దానికి?"

"అదే తమాసా. బాగుండడం ఏరే దారి అత్తా. తీపి నచ్చితే ఎలక మూతి నాక్కుంటాది, పసిపిల్లల్లాగ. లైటు ఏస్తే తినడం పెరుగుతాది గానీ ఆ నాక్కోవడం పెరగదు. కావాల, కానీ బాగోదు. మావయ్య పచ్చిపిండి తిన్నట్టు."

"అంటే యావ ఏరు, రుచి ఏరు."

"సరిగ్గా అదే," అంది దివ్యశ్రీ. అప్పటికి పకోడీ గుర్తొచ్చి నోట్లో వేసుకుంది.

కామాక్షి కాసేపు గరిటెతో నూనె కదుపుతూ నిలబడింది. మొగుడి మీద పడ్డ నింద తొలగిపోయినందుకు గుండె తేలికపడింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అది వచ్చాక గుండె అంత తేలిగ్గా లేదు.

"ఒలే దివ్యా, ఒకటడుగుతాను. ఆ మూల గింజలెయ్యడానికి రోజూ ఒక మనిషి కూకుందనుకో. ఎలక్కి ఆ మనిషంటే ఇష్టం పుట్టదేటి?"

దివ్యశ్రీ పకపకా నవ్వింది. "ఎలక్కి మనిషితో పనేటత్తా, గింజలతో గానీ."

పిల్లకి ఏమీ తెలియదు. తెలిస్తే ఆ మాట అనేది కాదు. కామాక్షి మొహం పొయ్యి వైపు తిప్పుకుని, వేగిపోయిన పకోడీలు తీసింది. కొన్ని మాడాయి.

వెళ్ళేముందు దివ్యశ్రీ గట్టిగా చెప్పింది. "బుధవారం డాక్టరు కాడికి ఎల్తారు గదా. ఇదంతా సెప్పు. నాకు ఆరోజు పనుంది, రాలేను. మీ అంతట మీరు మాత్ర మానొద్దు, అది ఇంకా పెమాదం. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. తగ్గిస్తే ఇదంతా పోతాది."

ఇదంతా పోతాది. ఆ మాట పట్టుకుని కామాక్షి బుధవారం దాకా ఇంట్లో తిరిగింది. ఏది పోతుంది? తిండి యావ పోతుంది, మంచిదే. పీట వాల్చుకుని కూర్చోవడం? చికిటి కబుర్లు? ధర్మలింగం ఇంట్లోనే ఉన్నాడు, కొట్టు లేదు కాబట్టి మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే వంటింట్లోకి వచ్చేస్తున్నాడు. డబ్బాలు తడుముతున్నాడు, కబుర్లు చెబుతున్నాడు. ఆయన నవ్వినప్పుడల్లా, ఇది ఈయన నవ్వా, మాత్ర నవ్వా అని ఆవిడ వెతుక్కుంటోంది. దానికి తోడు రక్తంలో చక్కెర కూడా పెరిగిందని పరీక్షలో వచ్చింది. శ్యామ్ ఆ కాగితం తండ్రి కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. అరిచిన దానికంటే అది ఎక్కువగా గుచ్చుకుంది.

బుధవారం డాక్టరు గది. డాక్టరు కుర్రవాడు, ఒడియా అబ్బాయి, నెమ్మదస్తుడు. ధర్మలింగం ఎదురుగా, కామాక్షి పక్కన, శ్యామ్ గోడకి చేరబడి నిలబడ్డాడు. చేతులు చాపమన్నాడు, వేళ్ళు ఆడించమన్నాడు, గదిలో అటూ ఇటూ నడిపించాడు. అంతా బాగుందన్నాడు. తరవాత ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"భొకొ కెమితి హౌచి, మవుసా?"

ఆకలి ఎలా ఉంది బాబాయ్ అని.

"ఠిక్ ఒచ్ఛి, ఆజ్ఞా," అన్నాడు ధర్మలింగం. బాగానే ఉందండీ.

ఇన్ని నెలలుగా పొరపాటు ఎక్కడ జరుగుతోందో కామాక్షికి అప్పుడు తెలిసింది. ప్రతిసారీ డాక్టరు భొకొ గురించే అడిగాడు. ప్రతిసారీ ధర్మలింగం భొకొ గురించే చెప్పాడు. అబద్ధం ఆడలేదు, దాచలేదు. నిజంగానే ఆయన ఆకలి ఎప్పుడెంతుండాలో అంతే ఉంది. ఏ వస్తువు అడిగితే ఆ వస్తువే తీసిచ్చి, అడగనిది బల్ల మీద పెట్టని వ్యాపారి అలవాటు ఆయనది. అప్పడాల కోసం వచ్చినవాడికి ఊరగాయ చూపించడు. యావ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. ఒడియా ఆయనకి అమ్మభాషంత బాగా వచ్చు, అదే కొంప ముంచింది. భాష సరిగ్గా రానివాడైతే చేతులు తిప్పి, కళ్ళు తిప్పి, అసలు సంగతి ఎలాగో బయటపెట్టి ఉండేవాడు.

డాక్టరు పెన్ను తీశాడు. అవే మాత్రలు రాస్తాడు. అవే మాత్రలు, అదే పీట, అవే మధ్యాహ్నాలు.

నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు, పాపం చెయ్యక్కర్లేదు. పెన్ను రెండు గీతలు గీసేదాకా చీర కొంగు చూసుకుంటూ కూర్చుంటే సరిపోతుంది. దివ్యశ్రీ అడిగితే మర్చిపోయానే అనొచ్చు. కామాక్షికి ఆ కోరిక ఎంత బలంగా కలిగిందంటే, తనకి తనే భయపడింది. నన్ను మాత్రం ఎవరు తోస్తున్నారు, నేను ఏ మాత్రా వేసుకోలేదు కదా అనుకుంది. పక్కకి చూసింది. ధర్మలింగం చూపు డాక్టరు మీద లేదు. బల్ల చివర నర్సు సగం తిని పెట్టిన బిస్కెట్ల పొట్లం మీద ఉంది. ఆయన వేళ్ళు పంచె మడత గట్టిగా పట్టుకుని ఉన్నాయి. చెయ్యి అటు పోకుండా ఆపుకుంటున్నాడు. కొడుకు చూస్తున్నాడని ఆపుకుంటున్నాడు. నుదుటి మీద చెమట.

అది చూశాక ఇంక ఆవిడ వల్ల కాలేదు.

"భొకొ నుహె, ఆజ్ఞా," అంది.

ఆకలి కాదండీ. డాక్టరు పెన్ను ఆగింది. ధర్మలింగం ఉలిక్కిపడి పెళ్ళాం వైపు తిరిగాడు. ఇన్నిసార్లు వచ్చినా ఆవిడ ఆ గదిలో నోరు విప్పడం అదే మొదలు.

విప్పింది గానీ, తరవాత మాట దొరకలేదు. భొకొ కాకపోతే మరేమిటి? ఒడియాలో లోభొ అనే మాట ఉంది. ఆ మాట అంటే మొగుణ్ణి పేరాశపోతు అన్నట్టే, అదీ ఆయన పక్కన కూర్చుని, కొడుకు ముందర. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. చివరికి తెలుగులోనే అనేసింది.

"యావ, బాబూ. ఆకలి కాదు, యావ."

డాక్టరు రెప్పలు టపటపలాడించాడు. తరవాత ఆ నెమ్మదస్తుడి మొహమంతా నవ్వు పాకింది. "తిండి యావ?" అన్నాడు, తెలుగులో. "చిన్నప్పుడు మా పక్కింట్లో తెలుగువాళ్ళు మవుసీ. వాళ్ళ అబ్బాయికీ నాకూ కలిపి అదే తిట్టు. తిండి యావ ఎదవల్లారా అని వాళ్ళమ్మ జంతికల డబ్బా అటక మీద పెట్టేది."

"అదే బాబూ. అదే."

నవ్వు ఆగిపోయింది. డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇప్పుడు అడగాల్సినవి అడిగాడు. ఆకలి లేకుండానే తింటున్నారా? తిన్నది బాగుంటోందా? ఆపుకోవాలంటే కష్టంగా ఉందా? ఎప్పటినుంచి? ధర్మలింగం మొదట పెళ్ళాం మొహం చూశాడు. ఆవిడ తల ఊపింది. అప్పుడు చెప్పాడు. నమూనా డబ్బాలు, పల్లీలు, ఎవరో పిల్లాడి చేతిలో బిస్కెట్టు, పచ్చిపిండి, ఒక్కటీ దాచకుండా అంతా చెప్పాడు. గోడకి చేరబడ్డ శ్యామ్ నిటారుగా నిలబడ్డాడు.

"నేను అడిగిన ప్రశ్నే తప్పు మవుసా," అన్నాడు డాక్టరు. "ఆకలి గురించి అడిగితే మీరు ఆకలి గురించే చెప్పారు. ఇది మందు వల్ల వచ్చింది. అందరికీ రాదు, కొందరికి వస్తుంది. మెల్లగా తగ్గిద్దాం. వణుకుకి మీరు వేసుకునే రెండో మాత్ర కొంచెం పెంచుతాను. వణుకు కాస్త తిరగబెట్టొచ్చు, భయపడకండి. యావ మాత్రం పోతుంది."

ధర్మలింగం రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"అంటే నేను తిండిపోతుని కాదు గదా బాబూ?"

"కాదు."

ఆ ఒక్క మాటకి అరవై దాటిన మనిషి పసివాడిలా ఏడ్చేశాడు. కామాక్షి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకీ ఏడుపొచ్చింది. సంతోషంతోనే అని ఒట్టేసి చెప్పగలదు, సగం వరకు.

బయటికొచ్చాక శ్యామ్ చాలాసేపు స్కూటరు తుడిచాడు. స్కూటరు మీద దుమ్మేమీ లేదు. చివరికి జేబులోంచి తాళాల గుత్తి తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

"నాన్నా, కొట్టుకెల్దామా? లారీ ఒస్తాది. సరుకు దింపుకోడం నా వల్ల కాదు."

సరుకు దింపుకోవడం వాడికి బాగా వచ్చు. ధర్మలింగానికీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టే గుత్తి నడుముకి దోపుకుని, స్కూటరు వెనక ఎక్కాడు.

ఆ తరవాత రోజులు చల్లగా గడిచాయి. మాత్ర కొంచెం తగ్గింది, ఇంకొంచెం తగ్గింది. కొట్లో నమూనా డబ్బాలు నిండుగా ఉంటున్నాయి. పనివాళ్ళు మళ్ళీ మాట వింటున్నారు. ఘుగుని బండివాడు, ఈమధ్య కనపడటం లేదేమని ఎదురొచ్చి అడిగాడట. చక్కెర దిగింది. కుడిచెయ్యి సాయంత్రాలు కాస్త వణుకుతోంది గానీ, గ్లాసు జారవిడిచేంత కాదు. ఇల్లు ఇల్లులా ఉంది. దివ్యశ్రీ ఫోను చేసి "సూసేవా అత్తా" అంది. కామాక్షి "అవునే, నీ పున్నెమే" అంది. మనస్ఫూర్తిగానే అంది.

మధ్యాహ్నాలు మాత్రం మెల్లగా కురచయ్యాయి. మొదట్లో వచ్చేవాడు, పీట వాల్చుకునేవాడు, ఒక చేగోడీ కొరికి "ఇంక చాల్లే" అని లేచేవాడు. తరవాత నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. ఒకరోజు రాలేదు. కొట్లో రద్దీ అని కబురు పంపాడు. మర్నాడు కామాక్షి నువ్వులు వేయించి, బెల్లం పాకం పట్టి, వాసన వీధిలోకి వెళ్ళాలని కిటికీ రెండు తలుపులూ బార్లా తీసిపెట్టింది. పాకం గట్టిపడింది, ఆయన రాలేదు.

ఉండలు చుట్టడానికి కూర్చుని, చేతిలో నువ్వుల వైపు చూసుకుంది. తను చేస్తున్న పనేమిటో అప్పుడు తెలిసి సిగ్గుతో కుంచించుకుపోయింది. మొగుడికి గింజలు చల్లుతోంది. వస్తే నువ్వుల కోసం వచ్చినట్టు, రాకపోతే నువ్వులు చాలనట్టు. ఇలా ఎన్నేళ్ళు పరీక్ష పెట్టినా, అసలు అడగాల్సింది ఆవిడ అడిగినట్టు కాదు. డాక్టరు తప్పు ప్రశ్న అడిగి నెలలు పోగొట్టాడని తనే కదా బయటపెట్టింది? మరి తను ఇన్నేళ్ళుగా మొగుణ్ణి ఏమడిగింది? కూర బాగుందా, ఉప్పు సరిపోయిందా, మారు వడ్డించనా? ఆయన వాటికే జవాబు చెప్పాడు.

ఆ మర్నాడు కామాక్షి పొద్దున్నే వంట ముగించింది. గిన్నెలు తోమి బోర్లించింది. పొయ్యి ఆపేసి, గట్టు తుడిచి, ఉండల డబ్బా పక్కింటివాళ్ళ పిల్లలకి ఇచ్చేసింది. వంటింట్లో వాసనంటూ ఏమీ లేదు. మధ్యాహ్నం పీట వాల్చుకుని, తనే కూర్చుంది. చేతిలో చేటైనా లేకుండా వంటింట్లో ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వీధిలో స్కూటరు ఆగింది. శ్యామ్ గొంతు వినపడింది, కాగితాలేవో మర్చిపోయారని, తొందరగా తీసుకుని రమ్మని. ధర్మలింగం లోపలికి వచ్చాడు. ముందు గదిలో అలమర తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. ఇంక వెళ్ళిపోతాడు అనుకుంది కామాక్షి. అడుగులు ఇటు తిరిగాయి.

గడప దగ్గర ఆగాడు. ఆరిపోయిన పొయ్యి చూశాడు, బోర్లించిన గిన్నెలు చూశాడు, పీట మీద ఆవిణ్ణి చూశాడు.

"ఏటీ సెయ్యలేదా ఇయ్యాల?"

"నేదండీ."

"ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

"మరి ఇక్కడ కూకుని ఏటి సేస్తన్నావు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బియ్యం ఏరదామనుకున్నాను అనొచ్చు, ఎండగా ఉందని అనొచ్చు. కామాక్షి లేచి నిలబడలేదు. తల వంచుకోలేదు.

"మీ కోసం కూకున్నాను," అంది. "తినడానికి ఏటీ నేదు. నేనే ఉన్నాను."

ధర్మలింగం చెయ్యి ద్వారబంధం మీద ఉంది. అది కొద్దిగా వణుకుతోంది. జబ్బు వణుకో మరొకటో ఆవిడకి తెలియలేదు. వీధిలో శ్యామ్ హారను కొట్టాడు. ఆయన అటు చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఏం చెప్పాడో వచ్చే వారం.